మామగారి తోలు ఏప్రాన్

ఇవ్వమని అడగడమైతే అడిగింది గానీ, ఎలా ఇవ్వాలో చెప్పడం మరిచిపోయింది కోడలు. తంటా అంతా అక్కడే వచ్చింది.

మూతపడ్డ ఇనుప పోత కార్ఖానాను మ్యూజియంగా మార్చే పని ఆమెది. కరిగిన ఇనుము అచ్చుల్లో పోసిన పాత షెడ్డును బాగుచేయించి, చుట్టుపక్కల వీధులన్నీ తిరిగి, "కార్ఖానా నాటి వస్తువులుంటే ఇవ్వండి, మీ పేరుతోనే పెడతాం" అని చెప్పి వచ్చింది. ఇచ్చారు, ఇవ్వకేం! కానీ మన జనం సంగతి తెలిసిందేగా, పదిమందిలో పెట్టే వస్తువును మురికిగా ఇస్తారా? ఒకాయన సుత్తికి వెండిరంగు పూసి తెచ్చాడు. ఒకావిడ మసిపట్టిన లాంతరును తళతళా తోమి తెచ్చింది. సొట్టల టిఫిన్ క్యారియర్ సొట్టలు తీయించుకుని మరీ వచ్చింది. కోడలు ప్రతిసారీ "చాలా బాగుందండీ" అని నవ్వి, లోపలికెళ్లి తల పట్టుకునేది.

పోనీలే, మామగారి ఏప్రాన్ ఉందిగా అనుకుంది. పోయిన మామగారు అక్కడే పోతపని చేసేవారు. అవసరమైతే తప్ప నోరు విప్పని మనిషి. నాన్న నవ్వగా తనెప్పుడూ చూడలేదని ఆమె భర్త ఇప్పటికీ అంటుంటాడు. ఆయన తోలు ఏప్రాన్ నిండా నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులే. వాటిని చూస్తే చాలు, ఆ పనేమిటో వేరే చెప్పక్కర్లేదు. నడిమి అద్దాల పెట్టె దానికోసమే ఖాళీగా ఉంచింది.

ప్రారంభానికి ముందురోజు అత్తగారు ఏప్రాన్ మడతపెట్టి చేతికిచ్చింది. విప్పి చూస్తే ఏముంది! నూనె రాసి మెరిపించిన తోలు, చిల్లు చిల్లుకీ ఓ మాసిక, పొందికైన కుట్టు.

"ఎలా ఉంది?" అంది ఆవిడ మురిసిపోతూ.

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది.

"కుట్లు విప్పేయమ్మా. పెద్దావిడకి తెలియనక్కర్లేదు" అన్నాడు, మ్యూజియానికి తీసుకెళ్లి చూపిస్తే, అక్కడి కమిటీ పెద్దాయన.

తెలియకుండానా? ఒకే ఇంట్లో ఉంటూ, రేపు ఆవిడ ముందు వరసలో కూర్చుని చూస్తుంటే? పోనీ విప్పకపోతే మ్యూజియానికి ప్రాణంలాంటి వస్తువే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి అడిగే విప్పుదామని కత్తెర పట్టుకుని అత్తగారి ఎదుట కూర్చుంది.

"కోప్పడకండి అత్తయ్యా. నాకు ఆ చిల్లులే కావాలి."

"చిరుగులతో ఆయన్ని నలుగురి ముందు నిలబెడతావా?"

"మామయ్య పడ్డ కష్టం అందరికీ తెలియాలి కదా."

"ఆయన కష్టం నాకు చెప్తున్నావా!" ఆవిడ గొంతు లేచింది. "దీనికి చిల్లు పడితే ఆయన ఒంటిమీద బొబ్బ లేచేది. ఒంటికి నేను మందు రాశాను. దీనికి మాసిక వేస్తానంటే, పొద్దున్నే కావాలి వదిలెయ్ అనేవారు. బతికున్నన్నాళ్లూ వేయనివ్వలేదు. ఇప్పటికి కుదిరింది. విప్పుతావా? విప్పు. ఇక ఆయనకి కాలదుగా."

కోడలికి సిగ్గేసింది. కార్ఖానా కథంతా షెడ్డులోనే జరిగిందనుకుంది. అందులో సగం తన ఇంట్లోనే, తన కళ్ల ముందే తిరుగుతోందని తట్టనేలేదు. కత్తెర పక్కన పెట్టేసింది.

"విప్పను అత్తయ్యా. ఎవరేమన్నా సరే, ఇలాగే పెడతాను."

అత్తగారు కళ్లు తుడుచుకుని ఏప్రాన్ లాక్కుంది. "అసలు సరిగ్గా చూశావా? అన్నీ తొందరే నీకు. ఇదిగో." అంచు దగ్గర చిటికెనవేలు పట్టేంత చిల్లు ఒకటి అలాగే ఉంది.

"అయ్యో, ఇది మరిచిపోయారా?"

"మరుపా? నీ మొగుడు పుట్టాడని కబురు వెళ్తే, చేతిలో ఇనుము పోసే గరిటె ఉందని కూడా చూసుకోకుండా గంతేశారట ఆ మహానుభావుడు! అప్పుడు పడ్డది. దాన్నెలా మూస్తాను?"

వస్తువు ఇచ్చినవాళ్లే దాని కథ చెప్పాలని కోడలు ఆ పూటే నిర్ణయించింది, ప్రతి శనివారం ఒకరు చొప్పున. తోమిన లాంతరూ, రంగేసిన సుత్తీ అలాగే ఉంటాయి. ఎందుకు తోమారో కూడా వాళ్లే చెప్తారు. ప్రారంభం రోజున మొదట అత్తగారే మాట్లాడింది, జంకూ గొంకూ లేకుండా.

అందరూ టీలకు వెళ్లాక కూడా ఆమె భర్త అద్దాల పెట్టె దగ్గరే ఉండిపోయాడు. ఆ చిల్లుకు ఎదురుగా అద్దం మీద వేలు ఆనించి, "మా నాన్న గంతేశాడా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

ఇప్పుడా అద్దం మీద ఆ ఒక్కచోట ఎప్పుడూ వేలిముద్రలే. కోడలు తుడవనివ్వదు.