కోసిన గడ్డి డేగకి, కోయనిది పిల్లిగద్దకి

పక్షుల్ని లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. అందుకే ఇంట్లో అందరికీ ఆమె లెక్కలమ్మ. ఎరువు చల్లి పెంచిన పచ్చికబయలు అంచున మడతకుర్చీ వేసుకుని, కళ్లకి బైనాక్యులర్ ఆనించుకుని కూర్చోవడం ఇది మూడో ఏడు. ఆ బయల్లో ట్రాక్టరుతో గడ్డి కోసేది ఆమె అక్క మొగుడు.

ఎరువు పడ్డాక గడ్డి నడుం దాకా పెరిగింది. దాని కింద ఎలుకలు గుంపులు గుంపులుగా పెరిగాయి. అయితే ఏం లాభం? పైనుంచి చూస్తే ఒక్క తోకా కనబడదు. డేగలు తిరిగి తిరిగి, ఉసూరుమంటూ వెళ్లిపోయేవి.

"బావా, ఇవాళ బయలంతా కొయ్యకు. ఒక పట్టీ కోసి, పక్కది వదిలెయ్. అలా మార్చి మార్చి కొయ్యి."

"ఏం, నీ డేగకి క్షవరం చేసిన గడ్డే కావాలా?"

"డేగకి కోసింది కావాలి. పిల్లిగద్దకి కోయనిది కావాలి. అది గడ్డిని రాసుకుంటూ ఎగిరి, అలికిడి విని ఎలుకని పట్టేస్తుంది. రెండూ పక్కపక్కనే తింటాయి, చూస్తూ ఉండు."

బావ పగలబడి నవ్వాడు. "మీ అక్కా నువ్వూ ఒక్క రోజైనా కొట్టుకోకుండా తిన్నారా? గద్దలు తింటాయట! సరే, మధ్యాహ్నం దాకా నీ మాటే. తర్వాత మొత్తం గొరిగేస్తా."

ఆరు పట్టీలు కోసి ట్రాక్టరు ఆపాడు. గంట గడిచినా ఈగ కూడా వాలలేదు. బావ కావాలనే గట్టిగా ఆవలించాడు.

అంతలో ఒక డేగ వచ్చి, గాల్లో ఒకే చోట రెక్కలు టపటపలాడిస్తూ నిలబడి, కోసిన పట్టీలో రాయిలా పడింది. లేచేసరికి కాళ్లలో ఎలుక! దాని వెనకే పిల్లిగద్ద సూటిగా దూసుకొచ్చింది. ఎలుకని లాక్కుంటుందేమోనని లెక్కలమ్మ కుర్చీలోంచి లేచింది. 'అయిపోయింది, మూడేళ్లూ గంగపాలు' అనుకుంది. పిల్లిగద్ద మాత్రం డేగని పట్టించుకోనేలేదు. పక్కకి వాలి, పొడుగు గడ్డి మీదుగా తన దారిన తాను పోయింది.

ఇంకో డేగ. ఇంకో పిల్లిగద్ద. మళ్లీ రెండు డేగలు!

లెక్కలమ్మకి పట్టపగ్గాల్లేవు. లెక్కలు రాసే పుస్తకం పారేసి ట్రాక్టరెక్కి గంతులేసింది. బావ కూడా సీట్లో లేచి నిలబడ్డాడు. "అదిగో, ఎడమవైపు! నీ ఎడమ కాదు, నా ఎడమ! పట్టేసింది, పట్టేసింది!" అని ఒకటే అరుపులు. అప్పుడే పైన ఒక డేగ పట్టు జారి, బతికున్న ఎలుక టపీమని బావ భుజమ్మీద పడింది. ఆరడుగుల మనిషి "అమ్మోయ్!" అంటూ కిందికి దూకాడు. ఎలుకా దూకి, పొడుగు గడ్డిలోకి పరుగు తీసింది. లెక్కలమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతూ కూలబడింది.

"ఇంతకీ ఎన్ని వచ్చాయి?" అడిగాడు బావ, చొక్కా దులుపుకుంటూ.

ఆమె నాలిక్కరుచుకుంది. ఒక్కటీ రాయలేదు!

"పద్నాలుగు," అన్నాడు బావ.

"కాదు, పదకొండే."

"పద్నాలుగంటే పద్నాలుగే! కావాలంటే మళ్లీ లెక్కపెడదాం. ఆ కుర్చీ ఇలా లాగు. పక్క బయలు కూడా రేపు పట్టీలుగానే కోస్తాలే."