పేరు కోసేసిన వీడియో

బాన్సువాడ దవాఖాన వెనక పోస్టుమార్టం గది ముందు రూప్లి నేలమీద కూర్చుని ఉంది. లోపల ఆమె భర్త జేత్యా శవం. బయట ఎస్సై తొందర పెడుతున్నాడు. సాయంత్రంలోగా శవాన్ని తండాకు తీసుకుపోయి కాల్చేస్తే పోలీసు కాగితంలో రాసిందే నిజమైపోతుంది: వర్ని రోడ్డు మీద గుర్తు తెలియని లారీ గుద్దింది.

అసలు జరిగింది నలభై మంది హమాలీలకు తెలుసు. రైస్‌మిల్లులో పక్కకు ఒరిగిన బస్తాల దొంతర జేత్యా మీద కూలింది. కూలేలా ఉందని మూడు రోజుల ముందే చెప్పారు. ముందు లోడు పోనీ, తర్వాత చూద్దామన్నాడు మిల్లు సేటు. ప్రాణం పోయాక శవాన్ని ట్రాలీలో వేయించి రోడ్డు పక్కన పడేయించాడు.

వర్ష గోడకు ఆనుకుని ఫోన్ చూస్తోంది. హమాలీ ఇమ్మానుయేలు కూతురు ఆమె. డిగ్రీ చదువుతూ బాన్సువాడ కబుర్లతో ఒక పేజీ నడుపుతోంది. పొద్దున రూప్లి మాటలు వీడియో తీసి పెట్టింది ఆమే. పదిమందీ పంచుకుంటే శవాన్ని ఎవరూ కదిలించలేరని హమాలీలకు మాటిచ్చింది.

ఆ వీడియోలో రూప్లి సేటు పేరు చెప్పింది. రెండు గంటల్లో నాలుగు వేల మంది చూశారు. షేర్ చేసింది ముగ్గురు.

పెద్ద పేజీ నడిపే అనిల్‌కుమార్‌కు ఫోన్ చేస్తే, "పేరు తీసెయ్ చెల్లె. సేటు నాకు యాడ్లు ఇస్తడు. ఏడ్చే ముక్క చాలు, నేను లేపుత" అన్నాడు.

ఏడ్చే ముక్క ఉంచి, సేటు పేరు కోసేసింది వర్ష. ఇక వీడియోకు అడ్డులేకపోయింది. ఎవరో విషాద సంగీతం కలిపారు. ఎవరో దండం పెట్టే చేతులు అతికించారు. మధ్యాహ్నానికి పదకొండు వేల షేర్లు. అందులో మిల్లు లేదు, బస్తాలు లేవు. మొగుడు పోయిన ఆడమనిషి ఏడుస్తోంది, అంతే.

ఇప్పుడు దాన్ని సేటే షేర్ చేశాడు. పైన రాశాడు: ‘మా కార్మిక సోదరుడికి కన్నీటి నివాళి. అందరికీ చేరవేయండి.’

వర్ష ఫోన్ పట్టుకుని గోడ దగ్గర్నుంచి కదిలింది. అక్కడే హమాలీలతో కూర్చున్న హీరాబాయి దగ్గరికి వెళ్లింది. మిల్లులో ఇరవై ఏళ్లుగా ఊడుస్తోంది ఆమె.

"సేటు ఏడుస్తున్న అని రాసిండు అవ్వా. షేర్లు రావాలని పేరు నేనే తీసిన."

"నువ్వొక్కదానివే తీసినవా?" హీరాబాయి హమాలీల వైపు తిరిగింది. "పేరున్న వీడియో పొద్దుగాల మన ఫోన్లకు రాలే? ఒక్కరన్న ముందుకు పంపిన్రా?"



"ఎట్ల పంపుతం అక్కా?" అన్నాడు సమ్మన్న. "రోజూ పనికి పిలిచేది మిల్లు వాట్సాప్ గ్రూపులనే. గుమాస్తా చూసిండంటే తీసేస్తడు. గ్రూపుల లేకుంటే పని లేనట్టే."

"జేత్యాను తీసిన్రా?"

సమ్మన్న ఫోన్ చూశాడు.  "పొద్దుగాలనే తీసిన్రు."

 గది ముందు నుంచి రూప్లి ఏడుపు వినిపించింది.

"ఊరోళ్లను అడుగుడు తర్వాత. పేరున్న వీడియో గా గ్రూపులనే పెడదాం, అందరం" అంది హీరాబాయి.

"పిల్లలున్నరు అక్కా."

"జేత్యాకు లేరా? పొద్దున లేస్తే పూల బొమ్మలు పంపనీకె నీ వేలు మంచిగనే ఉరుకుతది గదా సమ్మన్నా."

సమ్మన్న వేలు కాసేపు గాలిలో ఆగింది. తర్వాత నొక్కింది. ఇమ్మానుయేలు నొక్కాడు. ఆ వెనక మిగిలినవాళ్లు. గుమాస్తా ఒకరిని తీసేలోపు ఇంకొకరి ఫోన్ నుంచి అదే వీడియో పడుతోంది. గ్రూపు నుంచి తీసివేశారని ఫోన్‌లో కనిపించగానే ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు. పదిహేనేళ్ల పని పోయిన సమ్మన్న కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఎస్సై మళ్లీ వచ్చాడు. "ఏంది లొల్లి? లారీ గుద్దిన కేసు అది. శవాన్ని తీస్కపోండ్రి."

"ఏ లారీ సార్? నంబరు చెప్పుండ్రి." అడిగింది వర్ష. ఆమె ఫోన్‌లో లైవ్ నడుస్తోంది. నలభై మంది చుట్టూ చేరారు.

 ఎస్సై కాగితం తీసి రూప్లి వైపు తిరిగాడు. "మరి ఎవరు చంపిన్రు? చెప్పు, రాసుకుంట."

రూప్లి లేచింది.  హీరాబాయి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"లారీ కాదు సార్. ఒరిగిన బస్తాల కింద నిలబెట్టిండు. సచ్చినంక రోడ్డు మీద పారేపిచ్చిండు. మిల్లు సేటు రాజాబాబు."

ఎస్సై కలం ఆగింది. "ఎవరు?" అన్నాడు.

ఈసారి నలభై గొంతులు చెప్పాయి. "రాజాబాబు."