బాద్షాకు పొట్టేలు మేత

ఫిబ్రవరి మూడో తేదీ, మంగళవారం, ఉదయం ఆరూ ఇరవైకి కదిరమ్మ గుర్రం నేల మీద పడి పొర్లింది. లేచి, మెడ తిప్పి తన పొట్ట వైపు చూసుకుని, మళ్ళీ పడింది.

ఊరు ముదిగుబ్బకు తొమ్మిది కిలోమీటర్లు. గుర్రం పేరు బాద్షా. అది ఆడది. పేరు పెట్టింది చిలమత్తూరు పెళ్ళి బ్యాండువాళ్ళు. కదిరమ్మ తమ్ముడు ఆంజి ఆ బ్యాండులో డ్రమ్ము వాయిస్తాడు. డిసెంబరులో ఒక పెళ్ళికొడుకు బక్కచిక్కిన బాద్షాను చూసి, ఎక్కనని, నడిచే వస్తానని చెప్పాడు. ఆ తర్వాత బ్యాండువాళ్ళు దానికి మేత మానేశారు. జనవరి ఇరవై ఐదున ఆంజి దాన్ని గూడ్స్ ఆటోలో అక్క ఇంటికి తెచ్చాడు.

కదిరమ్మ భర్త యేసన్న ఆటో వెనక్కి వెళ్ళి చూశాడు.

"ఏంరా ఆంజీ, గుర్రం యాడ? దాని ఎక్స్‌రే తెచ్చినావే!"

ఎడమ వైపు పన్నెండు పక్కటెముకలు కనిపించాయి. యేసన్న రెండుసార్లు లెక్కపెట్టాడు.

కదిరమ్మ ఇరవై రెండేళ్ళు పుల్లన్న గొర్రెలు కాసింది. తనదంటూ ఒక్క జీవం లేదు. "నేను సాకుతా" అంది.

"ఈస్టరు దాకా సాకు. అప్పటికీ ఎముకలు కనపడినాయంటే సంతకు తోలేస్తా. వానల్లేని సంవత్సరం, దీని గడ్డి నా తలకాయ మీద మొలుస్తాదా?"

కదిరమ్మ ఆయన తల వైపు చూసింది. "ఆడ వెంట్రుకలే మొలవకపోయె."

అదే సాయంత్రం ఆమె పుల్లన్న దగ్గరికి వెళ్ళింది. బక్రీదుకు పొట్టేళ్ళను మేపడంలో ఆయనకు కదిరి దాకా పేరుంది. పుల్లన్న గుర్రం దగ్గరికి రాకుండానే మేత చెప్పాడు. పొద్దున నానబెట్టిన మొక్కజొన్న. మధ్యాహ్నం చెనిక్కాయ చెక్క, నూనె ఆడగా మిగిలిన వేరుశెనగ పిప్పి. సాయంత్రం మళ్ళీ మొక్కజొన్న. దినం దినం పెంచాలి. కట్టు విప్పకూడదు.

"నడిస్తే కండ కరుగుతాది. నలభై దినాలు పెట్టు మే. వాకిట్లో పట్టదు చూడు."

కదిరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. తొమ్మిదో రోజు గుర్రం పడిపోయింది.

పశువైద్యురాలు ప్రశాంతి ఎనిమిదీ పదికి స్కూటర్ మీద వచ్చింది. సూది వేసింది. ముక్కులోంచి గొట్టం దింపింది. గుర్రాన్ని మెల్లగా నడిపించమంది. యేసన్న తాడు పట్టుకుని నడిపించాడు.

"ఏం పెట్టినారు దీనికి?"

కదిరమ్మ, కబురు విని వచ్చిన పుల్లన్న వైపు చూసింది. పుల్లన్న కొండ వైపు చూశాడు.

"పొట్టేలుకు పెట్టేదే పెట్టినా డాక్టరమ్మా."

"పొట్టేలు నెమరు వేస్తాది. ఇది వేస్తాదా?"

"వేయదా?" అన్నాడు పుల్లన్న.



"వేయదు పెద్దాయనా. దీని కడుపు చిన్నది. ఎక్కువైతే కక్కుకోను కూడా చేతకాదు. ఇన్ని దినాలు పస్తున్నదానికి ఒక్కసారిగా గింజ పోస్తే పేగు తట్టుకోదు, గిట్టలు కూడా చెడతాయి."

"దవడ ఆడిస్తాంటే నెమరే అనుకుంటి నేను. ముప్పై ఏండ్లు జీవాలు మేపినోడిని."

"దవడ మీరూ ఆడిస్తాండారు."

పదకొండూ ముప్పై ఐదుకు బాద్షా లద్దె వేసింది. అక్కడ ఏడుగురున్నారు. ఇద్దరు చప్పట్లు కొట్టారు.

రెండు రోజుల తర్వాత ప్రశాంతి మళ్ళీ వచ్చి నోరు తెరిపించి చూసింది. బ్యాండువాళ్ళు వయసు తొమ్మిదేళ్ళన్నారు. పళ్ళు చూసి ఆమె పద్నాలుగు అంది. దవడ పళ్ళ అంచులు పదునెక్కి బుగ్గలు కోస్తున్నాయి. వాటిని ఆకురాయితో అరగదీసింది. లద్దె పరీక్షకు పంపింది. పురుగులున్నట్టు తేలాక మందిచ్చింది.

మేత ఆమె కాగితం మీద రాసింది. మొదటి రెండు వారాలు గింజ లేదు. ఎండుగడ్డి ఎప్పుడూ ముందు ఉండాలి. కాయలు తీసేసిన ఎండు చెనిక్కాయ కట్టె వేస్తే దుమ్ము దులిపి, నీళ్ళు చల్లి వేయాలి, బూజు పట్టింది వేయకూడదు. మూడో వారం నుంచి ఉడకబెట్టిన ఉలవలు, పూటకు ఒక గుప్పెడు, రోజుకు మూడు పూటలు. పెంచాలంటే వారానికి ఒక గుప్పెడు, అంతే. ఉప్పుగడ్డ, నీళ్ళు, రోజూ నడక. సోమవారం సోమవారం దర్జీ టేపుతో ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టు కొలవాలి.

పుల్లన్న కాగితం చదివించుకున్నాడు.

"గుర్రానికి బాలింత పథ్యం పెట్టినారే! ఇంగ చెవుల్లో దూది పెట్టి మంచమెక్కించండి."

ఈ మాట ఊరంతా తిరిగింది. చెనిక్కాయలు ఒలిచే పని నుంచి వచ్చే ఆడవాళ్ళు కొంగులో విత్తనాలు తెచ్చి, పథ్యం మీదున్నదాన్ని చూసిపోతామనేవాళ్ళు. కదిరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"చూడండి. చేతులు వెనక్కి పెట్టుకోని చూడండి."

మొదటి సోమవారం యాభై మూడు అంగుళాలు. రెండోది యాభై మూడు. మూడోది యాభై మూడుంపావు.

"పావు!" అన్నాడు యేసన్న. "ఈ లెక్కన దీని ఎముకలు మూసుకునేలోపల నావి బయటపడతాయి."

 ఆ మధ్యాహ్నం కదిరమ్మ గిన్నె నిండా మొక్కజొన్న తీసుకుని గుర్రం దగ్గరికి వెళ్ళింది. బాద్షా చెవులు నిక్కించింది. కదిరమ్మ కొంచెంసేపు నిలబడింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి మొక్కజొన్న కోళ్ళకు చల్లింది.

మార్చి తొమ్మిదికి యాభై నాలుగు. పదహారుకు యాభై నాలుగున్నర. ముప్పైకి యాభై ఐదుంపావు. అప్పటికి ఉలవలు పూటకు ఐదు గుప్పెళ్ళయ్యాయి. తుంటి ఎముకల పక్క గుంటలు పూడాయి. అంతకు ముందు, ఇరవై ఏడున, గుర్రం గడ్డి దగ్గరున్న యేసన్నను తలతో నెట్టింది. ఆయన కూర్చుండిపోయాడు. తిట్టాడు గానీ కొట్టలేదు.

ఏప్రిల్ నాలుగు, శనివారం. మర్నాడు ఈస్టరు. సోమవారానికి సంతకు ఆటో మాట్లాడానని యేసన్న పొద్దున్నే చెప్పాడు.

"ఇప్పుడు యాడ కనపడతాండాయి ఎముకలు?" అంది కదిరమ్మ.

"తిరిగినప్పుడు కనపడతాండాయి. మూడు."

కదిరమ్మ ప్రశాంతికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలని, ఒంగినప్పుడు ఒకటీ రెండూ లీలగా కనిపించినా తప్పు కాదని, అది పొట్టేలు కాదని ప్రశాంతి చెప్పింది.

"ఆయమ్మ నీ పక్క" అన్నాడు యేసన్న. "పుల్లన్న చెయ్యి పెట్టి చెప్పనీ. ఆయన చెయ్యి అబద్ధం చెప్పదు."

కదిరమ్మ వద్దనలేదు. ఆ చెయ్యి ఇరవై రెండేళ్ళుగా ఆమెకు తెలుసు. పుల్లన్న ఎప్పుడు జీవాన్ని కొన్నా ముందు నడుము మీద చెయ్యి పెడతాడు. బక్కదాన్ని ఎన్నడూ బేరం చేయడు.

రెండు గంటలకు పుల్లన్న వచ్చాడు. గుర్రం నడుము మీద చెయ్యి పెట్టి నొక్కాడు. వెన్ను వెంబడి మెడ దాకా పోయాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. అవతలి పక్కకు వెళ్ళి అదే చేశాడు.

"ఎట్లుండాది పుల్లన్నా?" అంది కదిరమ్మ.

 పుల్లన్న భుజం మీది తువాలు తీసి తన కుడిచేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి యేసన్న ముందుకు చాపాడు. సంతలో ధర నలుగురికీ తెలియకుండా చెప్పుకోవాలంటే తువాలు కిందే వేళ్ళు పట్టుకుంటారు, ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర.

యేసన్న తువాలు కింద చెయ్యి పెట్టాడు. పుల్లన్న ఆయన వేళ్ళు పట్టుకున్నాడు. యేసన్న పుల్లన్న మొహం చూశాడు, గుర్రాన్ని చూశాడు.

"ఏమంటాండాడు?" అంది కదిరమ్మ.

యేసన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పట్టుకోప్పా, ఇంగొక వేలు కలుపుతా" అన్నాడు పుల్లన్న.

"నన్ను అడిగితే ఏం లాభం? గుర్రం ఆమెది."

పుల్లన్న తువాలు కప్పిన చెయ్యి కదిరమ్మ వైపు తిప్పాడు. కదిరమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

రెండూ నలభైకి యేసన్న ఆటో అతనికి ఫోన్ చేసి, సోమవారం రానక్కర్లేదని చెప్పాడు.