పైపొర

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన అంటాడు. మట్టి పరీక్షించే ఉద్యోగంలో ఆ మాత్రం అనుమానం లేకపోతే జీతం ఎందుకిస్తారు అంటాను నేను.

ఈసారి అనుమానం సొంత బాబాయ్ మీద. వానలు మొండికేసినా పంట నిలబడేలా, పొలం దున్నకుండా, పైన గడ్డి కప్పి సాగు చేయించడం మా పరిశోధన. ఒక్కసారి దున్నినా మూడేళ్ల పని మళ్లీ మొదటికొస్తుంది. మొత్తం పన్నెండు పొలాలు. పదకొండింటిలో మట్టి ఏటేటా నల్లబడుతోంది, మట్టికి సారమిచ్చే కర్బనం పెరుగుతోంది. బాబాయ్ పొలంలో మాత్రం మూడేళ్లుగా అంకె కదల్లేదు.

మిగతా పొలాలకు మా మనుషులే వెళ్లి మట్టి తెస్తారు. బాబాయ్ ఒక్కడే, ఇంటివాణ్ణి నాకెందుకు మనుషులు, మట్టి ఎలా తీయాలో కాగితం మీద రాసిస్తే నేనే తెచ్చిస్తానన్నాడు. అప్పుడు మురిసిపోయాను. ఇప్పుడు అదే మాట అనుమానంగా తోస్తోంది.

దొంగచాటుగా దున్నుతున్నాడని తేల్చేశాను. ఫోన్ చేస్తే పిన్ని ఎత్తి, బాబాయ్ పొలంలో ఉన్నాడని చెప్పి గబుక్కున పెట్టేసింది. దానికీ ఓ అర్థం తీశాను. ఇక ఆ పొలాన్ని జాబితాలోంచి కొట్టేయమని పైవాళ్లకు రాయడమే మిగిలింది. రాసేముందు కళ్లారా చూద్దామని చెప్పాపెట్టకుండా బయల్దేరాను. అక్కడ అడుగుపెట్టి మూడేళ్లయింది.

గట్టు ఎక్కగానే కనిపించాయి, పొలమంతా తాజా చాళ్లు. ఓ మూల మాత్రం కాస్త గడ్డి కప్పు మిగిలింది. దొరికిపోయాడు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల సంతోషించాను కూడా.

"ఎన్నేళ్లుగా దున్నుతున్నావు బాబాయ్?" చాళ్ల మధ్య పార పట్టుకుని ఉన్న ఆయన్ని నిలదీశాను.

"నిన్ననే. ఇదే మొదటిసారి." తల వంచుకున్నాడు. "పోయిన వారం నీ రిపోర్టు వచ్చిందిగా, ఈసారీ మట్టి బాగుపడలేదని. మూడేళ్లు ఓపిక పట్టానమ్మా. ఇక నావల్ల కాలేదు."

నేను నమ్మలేదు. మట్టి ఎలా తీస్తావో చూపించమన్నాను. జేబులోంచి నేను రాసిచ్చిన కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. మిగిలిన మూలకు వెళ్లి గడ్డి పక్కకు లాగాడు. తర్వాత పారతో, వానపాములు మెదులుతున్న నల్లటి మట్టిని నాలుగు వేళ్ల మందాన జాగ్రత్తగా గీకి అవతల పెట్టాడు. దాని కింద పాలిపోయి గట్టిగా ఉన్నదాన్ని తవ్వి సంచిలో వేశాడు.

"ఆ నల్లమట్టి ఎందుకు తీసేశావు?"

"నువ్వే రాశావుగా. పైపొర తీసేసి, జానెడు లోతు మట్టి తెమ్మని."

పైపొర అంటే గడ్డి అనుకుని రాశాను. పొలం చేసుకునే మనిషికి పైపొర అంటే పైమట్టే. ఆ కాగితం అందుకుని నా రాతే మళ్లీ చదువుకున్నాను.

"నీ మట్టి బాగుంది బాబాయ్. నేనే తప్పు రాశాను."

ఆయన పక్కన పెట్టిన నల్లమట్టిని గుప్పిట్లోకి తీసుకుని, చాళ్ల వైపు చూశాడు.

"మొన్న వచ్చి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు.