రాళ్ల దిక్కు

బెల్లంపల్లి అవతల గుట్టకింద నర్మదకూ, ఆమె మరిది కొమురెల్లికీ వాన మీద పండే ఉమ్మడి చెలక ఉంది. సగం నల్లరేగడి, సగం రాళ్లు. నర్మద భర్త పోయాక కూడా దాన్ని ఎవరూ పంచుకోలేదు. ఆ ఏడు పత్తికట్టె పీకించడానికి పోయినప్పుడు, రాళ్ల దిక్కున ఉన్న తుమ్మచెట్టు కొసన గద్ద గూడు కనబడిందామెకు.

పెద్ద పక్షి. తెల్లటి పొట్ట, లావు తల, గుడ్లగూబకున్నట్టు పసుపుపచ్చ కళ్లు. గాలికి ఎదురుగా రెక్కలాడిస్తూ ఆకాశంలో ఒక్కచోటే నిలబడేది. నేలమీద పాము కదిలితే కాళ్లు చాపి, ఆగి ఆగి కిందికి దిగేది. ఆడది ఒక్కటే గుడ్డు పెట్టి కదలకుండా పొదిగింది. మగది దానికి పాములు తెచ్చిచ్చింది. ఫాల్గుణంలో గూట్లో తెల్లటి నూగుతో పిల్ల తల లేపింది. నర్మదకు రోజూ అటు పోవడం అలవాటైంది.

ఒక పొద్దున కొమురెల్లి ఆమె ఇంటికి వచ్చాడు.

"వదినె, రాళ్ల దిక్కు రోడ్లకేసే మొరం మట్టి పైసలిచ్చి తవ్వుకొమ్మని కంట్రాక్టర్ ఓంప్రకాశ్‌కు చెప్పిన. తుమ్మచెట్టు సుత పోతది."

"నన్నడగకుండనే చెప్పినవా?"

"అడిగేదేమున్నది? అండ్ల ఏం పండుతది?"

"చెట్టు మీద గద్దపిల్ల ఉన్నది. అది ఎగిరిపోయేదాక ఆగుమను."

కొమురెల్లి నవ్వాడు. "గద్ద కోసం మిషన్ ఆగుతదా? ఊర్లె కోడిపిల్లలను ఎత్కపోయేది అదే."

"నువ్వు సూసినవా? అది పాములు తినే గద్ద. వచ్చి సూడు."

అతడు రాలేదు. తెల్లారి జేసీబీ వచ్చింది.

నర్మద అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసింది. అడవిలో మంటలు ఆర్పుతున్నామని, మర్నాడు వస్తామని చెప్పారు. ఆమె చెలకలోని మంచం ఈడ్చుకొచ్చి తుమ్మచెట్టు కింద వేసుకుని కూచుంది. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. కాసేపటికి కొమురెల్లిని వెనక ఎక్కించుకుని ఓంప్రకాశ్ బండి మీద వచ్చాడు.

"అక్కా, జర పక్కకు జరుగు. మీ మరిది ఒప్పుకున్నడు."

"నేనొప్పుకోలే. చెలకల సగం నాది. చెట్టు ఎవ్వల సగంల ఉన్నదో కొలిసినవా?"

ఓంప్రకాశ్ చెయ్యి ఊపాడు. భయపెట్టడానికి డ్రైవర్ మళ్లీ ఇంజన్ లేపి, చెట్టుకు కొంచెం దూరంలో బకెట్ దించాడు. నేల అదిరింది. నర్మద మంచం దిగలేదు. పైన ఆడగద్ద కూడా లేవలేదు. పిల్ల మీద రెక్కలు పరిచి, నోరు తెరిచి, మిషన్‌కేసి చూస్తూ కూచుంది.

అప్పుడే మగగద్ద వచ్చింది. దాని నోట్లోంచి పాము తోక వేలాడుతోంది. మిగతా పామంతా గొంతులో ఉంది. పిల్ల ఆ తోక పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికి గుంజసాగింది. మధ్యలో ఒకసారి బోర్లా పడింది. లేచి మళ్లీ పట్టుకుంది. డ్రైవర్ క్యాబిన్‌లోంచి దిగొచ్చి తలెత్తి చూస్తూ నిలబడ్డాడు.

"జెర్రిపోతు" అన్నాడు కొమురెల్లి, తనకు తెలియకుండానే. తర్వాత ముఖం ముడుచుకున్నాడు. "అది ఏం తింటే నాకేంది? నలుగుర్ల నా మాట పోయింది. ఇగ నీతోని కలిసి ఉండేది లేదు. చెలక పంచుకుందాం."

"పంచు. చెట్టున్న దిక్కు నాకియ్యి."

"రేగడి ఇడిసిపెడ్తవా? ఇటు రాళ్లే ఉన్నయి."

"రాళ్లే ఇయ్యి."

ఓంప్రకాశ్ మిషన్ తీసుకుపోయాడు. ఆ వారమే పెద్దమనుషుల ముందు చెలక రెండుగా చీలింది. రేగడంతా కొమురెల్లికి పోయింది.

మందమర్రి నుంచి కూతురు నిఖిత ఫోన్ చేసింది. "అవ్వా, గద్ద కోసం రేగడి ఇచ్చినవా? పిచ్చి పట్టిందా?"

"గద్ద కోసం కాదు బిడ్డా. నన్ను లెక్కచెయ్యకుండ చెట్టు అమ్మిండు, అందుకు." నర్మద ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. "గద్ద కోసం సుత."

నెల తిరక్కముందే ఓంప్రకాశ్ నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. "గిప్పుడు మొరం అంత నీదే గదా అక్కా. పిల్ల పోయినంక మాట్లాడుకుందామా?"

"పోయినంక రా. అప్పుడు సుత ఇయ్యనని చెప్తా."

వైశాఖంలో వడగాలి కొడుతున్న ఒక మధ్యాహ్నం పిల్ల గూటి అంచుకు వచ్చి రెక్కలు విప్పింది. గాలి తోస్తే కింది కొమ్మ మీద పడింది. చాలాసేపు అక్కడే ముడుచుకుని ఉండి, చివరికి ఎగిరింది. తడబడుతూ రేగడి దాటి, గుట్ట దాటి పోయింది. నర్మద ఎండలోనే నిలబడి చూసింది. ఆమెకు గట్టిగా అరవాలనిపించింది. అరిచింది కూడా.

వానలు పడ్డాక రాళ్ల సందుల్లో కంది గింజలు వేస్తుంటే కొమురెల్లి బాటన పోతూ ఆగాడు. పంపకం అయ్యాక అతడు మాట్లాడటం అదే మొదలు.

"గద్ద ఉన్నదా?"

"పోయింది."

"మళ్లొస్తదా?"

"వస్తే రానీ" అంది నర్మద, నడుం ఎత్తకుండా. "నా చెలక."