ఏరింది ఎవరు?

గోంగూర ఏరుతున్నాను. ముదురు కాడలు ఒక పక్కకి, పురుగు కొట్టిన ఆకులు ఇంకో పక్కకి, మంచి ఆకు పళ్లెంలోకి. మా ఆయన రాజేందర్ టీ గ్లాసు కింద పెట్టి, "ఆఫీసుల గూడ నీది గిదే పని గదా, ఏరుడు. ఇంట్ల ఊకెనే చేసేదానికి గాడ జీతమిస్తున్రు. మంచి నసీబే నీది" అన్నాడు. అత్తమ్మ నవ్వింది. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్ని. పెళ్లయి పదమూడేళ్లు, ఇట్లాంటి వాటికి నవ్వడం అలవాటైపోయింది. ఇవాళ నవ్వు రాలేదు. విచిత్రంగా కోపమూ రాలేదు. ఎందుకంటే ఆయన అన్నది నిజమే. నా పని ఏరడమే. ఆ మాట ఇవాళ మధ్యాహ్నం మా సార్ నోటితోనే చెప్పించి వచ్చాను.

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్‌కి నడిచే దారిలో ఒక సందు, ఆ సందులో ఒక పాత మేడ, దాని రెండో అంతస్తులో మా పరిశోధన కేంద్రం. నేను డేటా అసిస్టెంటుని, ఏడాదికోసారి కాంట్రాక్టు. ప్రపంచంలో అడవి మంటల గురించి ఎవరు, ఏ దేశంలో, ఎప్పటి నుంచి ఏమేం రాస్తున్నారో తేల్చడం మా ప్రాజెక్టు. మంటల మీద పరిశోధన కాదు, మంటల మీద జరిగిన పరిశోధనల మీద పరిశోధన. ఇది ఇంట్లో చెప్పి చెప్పి అలిసిపోయాను. రాజేందర్ అయితే ఎవరైనా అడిగితే "ఫైరాఫీసుల కాయితాలు సదురుతది" అని తేల్చేస్తాడు.

నలభై ఏళ్లలో అచ్చైన ఆరు వేల పైచిలుకు వ్యాసాలు. ఒక్కోదాని సారాంశం చదివి, ఉంచాలా తీసెయ్యాలా అని నిర్ణయించి, ఎందుకో పక్కన రాయాలి. పొద్దున ఐదింటికి లేచి, నలుగురికి వండి, మూడు డబ్బాలు సర్ది, గౌలిగూడ నుంచి నడిచి వచ్చి, అప్పుడు కూచునేదాన్ని ఆస్ట్రేలియా అడవుల ముందు. మొదట్లో విసుగొచ్చేది. పోను పోను అదొక కథలా పట్టుకుంది. పాత వ్యాసాల్లో మంట ఎంత వేగంగా పాకుతుందన్నదే ధ్యాస. తర్వాత మారిన ఎండలు, వానలు వచ్చి చేరాయి. ఈ మధ్య పొగ, ఊపిరితిత్తులు, మంటని కంప్యూటర్‌తో ముందే పసిగట్టడం. ఎవరెంత రాశారో వృత్తాలతో పటం గీస్తే అమెరికా పళ్లెమంత వచ్చింది. మన దేశం ఆవగింజంత.

ఆ ఆవగింజ కిందే సార్ ముసాయిదాలో ఒక వాక్యం రాశారు. "అడవి మంటలకూ, అడవి మీద బతికే వాళ్లకూ ఉన్న సంబంధం గురించి భారతదేశంలో పరిశోధన దాదాపు లేదు." అది చదివి నాకు అన్నం సయించలేదు. మా అమ్మ కిష్టవ్వ తాడ్వాయి దగ్గర అడవిలో ముప్పై ఏళ్లు బీడీలకి తునికాకు కోసింది. ఎండాకాలం ముందు పొదల కింద అగ్గి ఎందుకు పెడతారో, పెడితే కొత్త ఇగురు ఎట్లా వస్తుందో, ఇప్పపువ్వు రాలే ముందు చెట్ల కింద ఆకు ఎందుకు కాలుస్తారో, కాలిస్తే ఎప్పుడు చెయ్యి దాటిపోతుందో నా చిన్నప్పుడే చెప్పింది. ఇంతమంది ఆడవాళ్ల చేతిలో ఉన్న మంట గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదా?

రాశారు. తీసేసింది నేనే. అడవి మంట అనే అర్థమిచ్చే మాట శీర్షికలో ఉంటేనే ఉంచాలన్నది సార్ పెట్టిన నియమం. తునికాకు మీద రాసినవాళ్లు కోత అన్నారు, ఆకు నాణ్యత అన్నారు, మంట సంగతి లోపలెక్కడో చెప్పారు. వాటిని నా చేత్తోనే చెత్తలో పడేశాను. అమ్మకి తెలిస్తే తలకాయ మీద ఒక్కటి వేసేది. మూడు నెలలు, లంచ్ డబ్బా పక్కన పెట్టుకుని, కొత్త మాటల జాబితా తయారుచేసి మళ్లీ వెతికాను. నూట ఎనభై ఏడు వ్యాసాలు దొరికాయి. ఆవగింజ శనగగింజ అయింది. సార్ చూసి, "బ్రహ్మాండం వనితా! మొత్తం వ్యాసానికి ఇదే ప్రాణం" అన్నారు. ఆ వారమంతా గాల్లో నడిచాను.

ఇవాళ చివరి ప్రతి చేతికొచ్చింది. రచయితలు ఇద్దరు. ఒకరు మా సార్, రవిచంద్ర. రెండోవారు ఆయన గురువుగారు, రిటైరైన పెద్దసారు. పెద్దసారు ఇందులో ఒక్క పేజీ చూడలేదు, కానీ మా కేంద్రంలో ఏ వ్యాసం వెళ్లినా గౌరవం కొద్దీ ఆయన పేరు పెట్టడం ఆనవాయితీ. చివర్లో ఒక్క లైను, "టైపింగ్‌లో సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు." ఆ సిబ్బంది నేనే. పేరు కూడా లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధమెందుకు.

"పత్రికకి పంపెయ్యి, ఫారం ఎప్పటిలాగే నింపెయ్యి" అన్నారు సార్. ఆ ఫారాలు ఎప్పుడూ నేనే నింపుతాను. ఈ పత్రిక ఫారం మాత్రం వేరేగా ఉంది. ఏ పని ఎవరు చేశారో గడి గడికీ పేరు రాయమంది. పదేళ్లుగా ఎప్పటిలాగే నింపిన చెయ్యి, మొదటి గడి దగ్గరే ఆగిపోయింది. లేచి ల్యాప్‌టాప్‌తో సహా సార్ గదిలోకి వెళ్లాను.

"తప్పు రాస్తే వ్యాసం వెనక్కి పంపిస్తారట సార్. నేను చదువుతాను, మీరు పేరు చెప్పండి."

ఆయన తల ఎత్తకుండానే "ఊఁ" అన్నారు.

"ప్రాజెక్టు ఆలోచన?"

"నేను."

"వెతికే పద్ధతి?"

"ఆ మాటల జాబితా... నువ్వే కదా చేసింది."

"వ్యాసాలు ఏరింది?"

"నువ్వే."

"మళ్లీ సరిచూసింది?"

"నువ్వే."

"పటాలు గీసింది?"

అప్పుడు తల ఎత్తారు. "నువ్వే" అన్నారు, ఈసారి నెమ్మదిగా.

"రాసింది మీరు సార్. అది మీ పేరే రాశాను. పెద్దసారు పేరు ఏ గడిలో పెట్టమంటారు?"

ఆయన ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని గడులన్నీ చూశారు. మార్చిలో కాంట్రాక్టు మళ్లీ రాయాల్సింది ఈయనే. చెడ్డమనిషి కాదు, పండక్కి మిఠాయి డబ్బా ఇస్తారు, పిల్లలకి జ్వరమొస్తే వెళ్లమంటారు. అందుకే ఇన్నాళ్లూ అడగలేకపోయాను.

"నీకు పీహెచ్‌డీ లేదు కదమ్మా" అన్నారు చివరికి.

"ఫారంలో ఆ గడి లేదు సార్."

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "పెద్దసారుకి నేను చెప్పుకుంటాలే. రెండో పేరు నీది రాయి" అన్నారు. నేను కదల్లేదు. "ఇంకేంటి?"

"చివర్లో ఆ టైపింగ్ లైను తీసేస్తాను. అక్కడ, తునికి పొదల్లో మంట సంగతి చెప్పిన కిష్టవ్వకి కృతజ్ఞతలు అని రాస్తాను."

"ఎవరావిడ? ఏ యూనివర్సిటీ?"

"తాడ్వాయి అడవి సార్" అన్నాను. ఆయన నవ్వేశారు. నేనూ నవ్వాను, అలవాటు నవ్వు కాదు. పంపేసి, అబిడ్స్ మీదుగా సుల్తాన్ బజార్ దాకా నడిచి, మూడు కట్టల గోంగూర కొనుక్కుని ఇంటికొచ్చాను.

ఇప్పుడు ఫోను మోగింది. పత్రిక నుంచి మెయిలు. రచయితలందరికీ దానంతటదే వచ్చేదేనట. ఈ వ్యాసం రాసినవాళ్లలో మీరు ఒకరేనా? కింద రెండే గడులు. ఔను, కాదు. చేతి నిండా గోంగూర మట్టి.

"ఏంది గంతగనం చూస్తున్నవ్, ఎవరు?" అన్నాడు రాజేందర్.

"పేపరోళ్లు. గా పనంత జేసింది నువ్వేనా అని అడుగుతున్రు."

"నువ్వేం జేసినవ్ మల్ల?"

పళ్లెం ఆయన ముందుకి జరిపాను. ముదురు కాడలు కొన్ని ఇంకా మంచి ఆకులోనే ఉన్నాయి. అత్తమ్మ నా వంకా, కొడుకు వంకా చూసింది.

"జర గిది ఏరున్రి. ఔనని చెప్పొస్త."