నాన్న కార్డు ఒంటరిగా వెళ్లదు

కిరండూల్ టౌన్‌షిప్ బడిలో ఇంగ్లీషు బొమ్మల కార్డులన్నీ ఆయా వరహాలమ్మ చేతిలో ఉండేవి. చక్రధరరావు మాస్టారు వాటిని కంప్యూటర్లోంచి దింపి, రంగుల్లో ప్రింటు తీసి, లామినేషన్ చేయించి తెచ్చేవాడు. వాటి మీద పడే ఎర్రటి ఇనుప గని దుమ్మును తడిగుడ్డతో తుడిచి అల్మారాలో సర్దడం ఆమె పని. ఆమె మొగుడు బతికినన్నాళ్లూ ఈ ఊరి రైలు లైన్లోనే గ్యాంగ్‌మన్. అందుకని అల్మారాను కూడా రైలు దారిలాగే సర్దింది. పై అర కిరండూల్, అట్టడుగు అర విశాఖపట్నం. చేప, పడవ విశాఖలో దిగుతాయి. గొడుగు అరకులో.

"మామ్మా, ఏనుగేది?"

"బచేలీలో ఉంది బాబూ, రెండో అరలో. అంత ఒళ్లేసుకుని దూరం ఏటి ఎల్తాది?"

మాస్టారికి అలవాటైపోయింది. అతన్ని వేపుకుతినేది ఒక్క కుటుంబం కార్డుల కవరే. నాన్న కార్డు అడిగితే అమ్మ, నాయనమ్మ, పిల్లలిద్దరు, వాళ్ల మేకతో సహా ఇచ్చేది. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక్కొక్కరినే సాగనంపి, ఎవరూ తిరిగిరాక, ఆమె ఈ వయసుకొచ్చింది.

ఆ రోజు తనిఖీకి ఇన్‌స్పెక్టర్ మేడమ్ వచ్చింది.

"మామ్మా, మూడో తరగతికి నాన్న ఒక్కడే కావాలి," అన్నాడు మాస్టారు. "మేకొస్తే పిల్లలు నాన్నను వదిలేసి దాన్నే చూస్తారు. ఈసారి తేడా వస్తే అల్మారా తాళం గుమాస్తాకిచ్చేస్తానని పెద్దసారు ఖరాఖండిగా చెప్పారు."

తాళం పోతే ఇన్ని మొహాలూ పోతాయి. వరహాలమ్మ నాన్నను బయటికి తీసి, అంచులు తుడిచింది.

"గంట కొట్టగానే తెచ్చీయాల."

"తెస్తాను మామ్మా."

"అందరూ అలాగే అనీవోరు."

మాస్టారు పదడుగులు వేశాడో లేదో వెనకాల చెప్పుల చప్పుడు. మిగతా కుటుంబాన్ని కొంగులో దాచుకుని వచ్చి, వరహాలమ్మ తరగతిలో చివరి బెంచీ మీద కూర్చుంది.

మాస్టారు కార్డెత్తి చూపగానే పిల్లలు "ఫాదర్!" అని అరిచారు. మేడమ్ తల ఊపుకుంటూ నడిచి, చివరి బెంచీ దగ్గర ఆగింది.

"యే కౌన్ హై?" ఎవరీవిడ అని హిందీలో అడిగింది.

"టీచింగ్ మెటీరియల్, మేడమ్," అనేశాడు మాస్టారు. "కుటుంబం పాఠం కదా."

"గ్రాండ్ మదర్!" పిల్లలు అందుకున్నారు.

మేడమ్ కళ్లజోడు సరిచేసుకుని ఆమె చుట్టూ ఒకసారి తిరిగింది. పాతది, పెద్ద సైజు, వాడుకలో ఉంది అని సామాను జాబితా ఫారంలో రాసుకుంది.

"దీన్నెక్కడ పెడతారు?" అంది హిందీలోనే.

"అల్మారా పక్కన, స్టూలు మీద."

"తాళం?"

"దీని దగ్గరే, మేడమ్."

"అక్కడే ఉండనివ్వండి. సెట్టులోంచి ఒక్కటి తీసినా మిగతాది పనికిరాదు." ఆ ముక్కా రాసి, కింద సంతకం పెట్టింది.

వరహాలమ్మకు ఏడుపొచ్చింది. సామాను ఏడిస్తే పాడైందని మేడమ్ జాబితాలోంచి కొట్టేస్తుందేమోనని, ఆవిడ గుమ్మం దాటేదాకా రెప్ప కూడా వేయలేదు.